టేకాఫ్ మధ్యలో విమానం ఆపేశారు, ఎడమ వైపు ‘ఢబ్’ అని చప్పుడు. ఏమై ఉంటుంది?

విభాగం: ప్రయాణాలు, విదేశీ ఉద్యోగాలు

కవిటి_ఫిట్టర్ (కవిటి, శ్రీకాకుళం జిల్లా) – సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. మొన్న సెలవు మీద ఇంటికి వస్తుంటే జరిగింది. ఏ కంపెనీ విమానమో, ఏ ఊర్లో ఎక్కానో చెప్పను. చెబితే చర్చంతా ఆ పేరు మీదకే పోతుంది.

రన్‌వే మీద పరుగు మొదలైంది. వీపు సీటుకి అతుక్కుపోయేంత స్పీడు అందుకున్నాక ఎడమ వైపు ‘ఢబ్’ అని ఒక్క చప్పుడు. వెంటనే బ్రేకులు. ముందు సీటుకి నుదురు గుద్దుకున్నంత పనైంది. పైన సామాను పెట్టే చోట ఒక తలుపు ఊడి తెరుచుకుని, ఎవరిదో పాలపొడి డబ్బాల అట్టపెట్టె నడవలో పడింది. రన్‌వే మీదే ఆగిపోయాం. రబ్బరు కాలిన వాసన. కిటికీలోంచి చూస్తే ఫైరింజన్లు వస్తున్నాయి. నా పక్కనున్న పెద్దాయన అప్పటికే లేచి బ్యాగు దింపేసుకున్నాడు.

తర్వాత మైకులో ‘టెక్నికల్ ఇష్యూ’ అన్న ఒక్క ముక్క. అంతే. గంటల తరబడి లోపలే కూర్చోబెట్టారు, చెమటతో చొక్కాలు తడిసిపోయాయి. పిల్లలు ఏడుపు. కిందికి దింపమంటే దింపరు.

నేను ఫిట్టర్‌ని, పంపులూ కంప్రెసర్లూ విప్పి బిగించే పని. చప్పుడు విని ఏం పోయిందో చెప్పమంటే మా యూనిట్లో చెబుతాను, ఇక్కడ తెలియలేదు. అంత స్పీడులో ఆపడం మంచిదా, ఎగిరిపోయి తిరిగి దిగడం మంచిదా? ఆగాక అంతసేపు ఎందుకు దింపలేదు? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇచ్ఛాపురం_బాబు

ఓలమ్మో! ఇంటికి చేరావు గదా, అది చాలు. స్వేచ్ఛావతి అమ్మవారికి ఒక కొబ్బరికాయ కొట్టు ముందు.

గ్యారేజీ_మాష్టారు (విజయనగరం)

సర్వీసంతా బస్సుల గ్యారేజీలోనే గడిపినవాణ్ణి, విమానం సంగతి నాకు అంతగా తెలియదు. కానీ ఒక్క చప్పుడు, రబ్బరు వాసన అంటే నా లెక్కలో టైరు. ఇంజిన్ పోతే అంత తేలిగ్గా ఒక్క చప్పుడుతో ఊరుకోదు. మన బస్సు టైరులో గాలి నూరు పౌండ్లకి కొంచెం పైన ఉంటుంది, అది పేలితేనే పక్కనున్నవాడికి చెవులు గింగురుమంటాయి. విమానం టైరులో రెండొందల దాకా ఉంటుందని విన్నాను. నాగావళి గారు ఈ వేదికలోనే ఉండాలి, ఆయన విమానాల మెయింటెనెన్సులోనే చేస్తారు. నాగావళి గారూ, చూశారా ఇది?

నాగావళి (సొంతూరు శ్రీకాకుళం, ఉద్యోగం హైదరాబాద్) – మంగళవారం ఉదయం

నైట్ షిఫ్టు దిగి ఇప్పుడే చూశాను మాష్టారూ. చూడకుండా ఇదీ అని చెప్పలేను గానీ, టైరు అన్న మీ అంచనా కొట్టిపారేసేది కాదు. రెండొందల పౌండ్లన్నదీ సరైనదే, అందులో నింపేది నైట్రోజన్.

ముందు ఫిట్టర్ తమ్ముడి మొదటి ప్రశ్న. ప్రతి టేకాఫ్‌కీ ముందు పైలట్లు ఒక వేగం లెక్క వేసుకుంటారు. బరువు ఎంత, ఎండ ఎంత, గాలి ఎటు, రన్‌వే ఎంత పొడవు, తడిగా ఉందా పొడిగా ఉందా, అన్నీ చూసి వచ్చే అంకె అది. వీ వన్ అంటారు. ఆ వేగం లోపల ఏదైనా పెద్దది పోతే ఆపేయాలి, మిగిలిన రన్‌వే ఆగడానికి సరిపోతుంది. దాటితే ఒక ఇంజిన్ పోయినా సరే ఎగిరిపోవాలి. ఒక్క ఇంజిన్‌తో పైకి లేచేలాగే విమానాన్ని తయారు చేస్తారు. దాటాక ఆపబోతే రన్‌వే చాలదు. ఇంకో సంగతి, గంటకి 150 కిలోమీటర్ల వేగం దాటాక చిన్నాచితకా హెచ్చరిక దీపాలకి ఆపరు. ఇంజిన్ పోవడం, మంట, ఇక ఇది ఎగరదు అన్న అనుమానం, ఇలాంటి వాటికే ఆపుతారు. మీ కెప్టెన్ ఆపాడంటే ఆయనకి అలాంటిదేదో అనిపించి ఉంటుంది.

ఇక కిందికి ఎందుకు దింపలేదంటారా. నిండు బరువుతో, అంత వేగం మీద పూర్తి బ్రేకు కొడితే ఆ శక్తంతా వేడిగా మారి చక్రాల్లోకి పోతుంది. బ్రేకు పలకలు ఎర్రగా కాలిపోతాయి. ఆగిన వెంటనే కాదు, ఆగిన కాసేపటికి చక్రం ఇంకా వేడెక్కుతుంది. టైరు లోపల ఒత్తిడి పెరిగి పేలకుండా రిమ్ములో కరిగే ప్లగ్గులు ఉంటాయి. వేడి హద్దు దాటగానే అవి కరిగి గాలి మెల్లగా దిగిపోతుంది. అప్పుడు చక్రం దగ్గరికి వెళ్ళే మా వాళ్ళు కూడా ముందు నుంచో వెనక నుంచో వెళ్తారు గానీ పక్క నుంచి వెళ్ళరు, పగిలితే రిమ్ము ముక్కలు పక్కకే ఎగురుతాయి. అలాంటి చోటికి పిల్లల్నీ ముసలివాళ్ళనీ మెట్లేసి దింపమంటే ఎలా? బయట మంట లేదు, పొగ లేదు అంటే లోపలే సేఫ్. ఏసీ సంగతి, సమాచారం సరిగా చెప్పకపోవడం మాత్రం వాళ్ళ తప్పే. అందులో మీ కోపం న్యాయమైనది.

గ్యారేజీ_మాష్టారు

సుంకి ఘాట్ దిగొచ్చిన బస్సు లాగన్నమాట. డ్రమ్ములు సలసల కాగుతుంటే కొత్త క్లీనరు కుర్రాడు బకెట్టుతో నీళ్ళు కొట్టేవాడు, డ్రమ్ము టప్పున పగిలేది. ఎన్నిసార్లు తిట్టానో.

చీపురుపల్లి_టైగర్

మీరంతా కంపెనీలని వెనకేసుకొస్తున్నారు. అసలు కథ ఏంటంటే బయటి దేశాలు వాడి పారేసిన తుక్కు విమానాలు మనోళ్ళకి అంటగడతారు. గల్ఫ్ లేబరు కదా, ఎవడడుగుతాడు. ఈ వీడియో చూడండి, వైజాగ్‌లో నిన్న జరిగింది, పేపరోళ్ళు దాచేశారు 👉 (తొలగించబడింది)

నిర్వాహకుడు

టైగర్ గారూ, ఆ వీడియోలో ఉన్నది 2005లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో దిగిన విమానం. తోక మీద కంపెనీ పేరు కూడా కనబడుతోంది. తీసేశాను. ఇంకోసారి ఇలాంటివి పెడితే ఖాతా ఆపేస్తాం.

నాగావళి

ఆ వీడియో తీసేసినా దాని సంగతి చెప్పదగ్గదే. 2005 సెప్టెంబర్ 21, ఎయిర్‌బస్ 320. టేకాఫ్ అయ్యాక ముందు చక్రాలు అడ్డంగా తిరిగి బిగుసుకుపోయాయి. దాదాపు మూడు గంటలు ఇంధనం తగ్గేదాకా గాల్లోనే తిరిగి దిగారు. ముందు చక్రం రన్‌వే మీద ఒరుసుకుంటూ నిప్పులు చిమ్మింది, టైర్లు అరిగి రిమ్ములు సగానికి వచ్చాయి. 146 మందిలో ఎవరికీ ఏమీ కాలేదు. ప్రయాణికులు సీటు ముందున్న టీవీల్లో తమ విమానం వార్తలే చూసుకున్నారు పాపం.

తుక్కు విమానాలు అన్నమాటకి కూడా జవాబు ఉంది, రాత్రికి రాస్తాను. కాస్త పెద్దదే అవుతుంది.

రాజాం_లక్ష్మి

నమస్తే అండీ. మా తమ్ముడు సింగపూర్‌లో ఉంటాడు. అమ్మానాన్నల్ని వచ్చే నెల పంపుతున్నాం, వాళ్ళకి ఇదే మొదటిసారి. ఇదంతా చదివితే నాకే టెన్షన్ వచ్చేస్తోంది. చక్రాలు బయటికి రాకపోతే ఏం చేస్తారండీ? నాన్నగారు అదే అడుగుతున్నారు పొద్దున్నుంచి.

నాగావళి – మంగళవారం రాత్రి

లక్ష్మి గారూ, మీ ప్రశ్నకి తర్వాత వస్తాను, మర్చిపోను. ముందు టైగర్ తమ్ముడికి.

1985 ఆగస్టు 22, ఇంగ్లండులోని మాంచెస్టర్. ఉదయం ఏడు దాటింది. సెలవులకి గ్రీసులోని కోర్ఫూ దీవికి వెళ్ళేవాళ్ళతో నిండిన బోయింగ్ 737. సిబ్బందితో కలిపి 137 మంది. విమానం వయసు నాలుగేళ్ళు, తుక్కు కాదు. పరుగు మధ్యలో గట్టిగా చప్పుడైంది. పైలట్లు టైరు పేలిందనో పక్షి తగిలిందనో అనుకుని టేకాఫ్ ఆపేశారు. టైరు అయితే బ్రేకు గట్టిగా కొట్టకూడదు కదా, అందుకని మెల్లగా కొట్టారు. వాళ్ళకి తెలిసినదాన్ని బట్టి అది సరైన పనే.

పోయింది టైరు కాదు, ఎడమ ఇంజిన్. ఆ రకం ఇంజిన్‌లో ఇంధనం మండే డబ్బాలు తొమ్మిది గుండ్రంగా అమర్చి ఉంటాయి. తొమ్మిదో నంబరు డబ్బా చీలిపోయింది. దాంతో ఇంజిన్ పైతొడుగు పగిలింది. ఎగిరిన ముక్క రెక్క అడుగున ఇంధన ట్యాంకు మూతని పగలగొట్టింది. ట్యాంకులోంచి ఇంధనం ధారగా కారి నేరుగా మంటలో పడింది. విమానం కుడివైపు పక్కదారిలోకి తిరిగి ఆగేసరికి గాలి ఎడమ నుంచి వీస్తోంది, మంటంతా జనం కూర్చున్న వైపుకి మళ్ళింది.

ఇక్కడి నుంచి లోపల జరిగింది నెమ్మదిగా చదవండి. ముందు కుడి తలుపు తెరవబోతే జారుడుబల్ల పెట్టె మూత అడ్డం పడి తలుపు ఇరుక్కుంది. సిబ్బంది దాన్ని వదిలేసి ఎడమది తెరిచి, మళ్ళీ వచ్చి దీన్ని సరిచేసేసరికి నిమిషం దాటిపోయింది. ముందు తలుపులకి చేరాలంటే రెండు అడ్డగోడల మధ్య సందులోంచి పోవాలి. ఆ సందు వెడల్పు రెండు అడుగులు కూడా లేదు, అక్కడ జనం ఒకరి మీద ఒకరు ఇరుక్కున్నారు. కుడి రెక్క మీద తలుపు పక్కన కూర్చున్నామె దాన్ని తెరిచే పిడి అనుకుని సీటు చేతిపట్టీ లాగింది. ఎవరూ ముందు ఆమెకి చూపించలేదు. ఇంకొకరు పిడి లాగితే ఇరవై కిలోలు దాటిన తలుపు ఊడి ఆమె మీదే పడింది. వెనక నుంచి నల్లటి పొగ. సీట్ల నురగ, గోడల ప్లాస్టిక్ కాలిన పొగ అది, నాలుగు గుక్కలు పీలిస్తే మనిషి కూలబడిపోతాడు.

55 మంది పోయారు. ఎక్కువమంది మంటకి కాదు, పొగకి. విమానం ఎక్కడా గుద్దుకోలేదు. నేల వదల్లేదు కూడా. ఫైరింజన్లు వెంటనే వచ్చాయి. అన్నీ ఉండీ 55 మంది.

వజ్రపుకొత్తూరు_వెల్డర్ (ఇప్పుడు సింగపూర్ షిప్‌యార్డు)

అన్నా, ఆ డబ్బా ఎందుకు చీలింది? అది చెప్పకుండా ఆపేశావు.

నాగావళి

నీలాంటివాళ్ళు అడుగుతారనే ఆపాను తమ్ముడూ. ఆ డబ్బాకి అంతకుముందే పగుళ్ళు వచ్చాయి. 1983లో వెల్డింగ్ చేసి మళ్ళీ బిగించారు. అప్పటి పద్ధతి ప్రకారం అది మామూలే. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఆ చోటే మళ్ళీ పగులు పెరిగింది. ఇంకోటి వింటే నీకు ఒళ్ళు మండుతుంది. ఆ ఎడమ ఇంజిన్ వేగం అందుకోవడంలో వెనకబడుతోందని పైలట్లు అంతకుముందే లాగ్ పుస్తకంలో రాశారు. సర్దుబాట్లు చేసి పంపారు. డబ్బా లోపల పగులుందన్న ఊహ ఎవరికీ రాలేదు.

వజ్రపుకొత్తూరు_వెల్డర్

ఒళ్ళు మండడం కాదన్నా, భయం వేస్తుంది. వేడి తగిలే చోట పగులుని వెల్డు చేస్తే పైకి అద్దంలా కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్ ఎర్ర రంగు కొట్టి, తుడిచి, తెల్లది కొట్టి చూస్తాడు, గీత రాలేదు కాబట్టి ఓకే. వెల్డు బాగానే ఉంటుంది, దాని పక్కన వేడి తిన్న ఇనుమే దెబ్బ తింటుంది. తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ సరిగా ఇవ్వకపోతే వెల్డు అంచునే మళ్ళీ విడిపోతుంది. మా యార్డులో పైపులకే ఇంత పట్టింపు ఉంటే, మనుషులు కూర్చునే దానికి...

పని చేసినవాడి పేరు ఎక్కడో కాగితం మీద ఉంటుంది కదా. అతను తర్వాత ఎలా నిద్రపోయాడో.

కోట_కుర్రాడు (విజయనగరం, మెకానికల్ చివరి సంవత్సరం)

రంగుతో చేసే పరీక్షకి పైకి తేలిన పగుళ్ళే కనిపిస్తాయి అన్నా. లోపలున్నవి కనబడవు. మాకు క్లాసులో చెప్పిన కేసు అదే. 2016 అక్టోబర్ 28, చికాగో. బోయింగ్ 767, 170 మంది. పరుగులో వేగం బాగా అందుకున్నాక కుడి ఇంజిన్‌లో టర్బైన్ డిస్కు ముక్కలైపోయింది. ఆ డిస్కు లోహం పోత పోసినప్పుడే లోపల ఒక మచ్చలాంటి లోపం ఉండిపోయింది. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి అక్కణ్ణుంచి పగులు పాకింది. ఒక ముక్క 900 మీటర్ల దూరం ఎగిరి ఒక గోడౌను కప్పులోంచి లోపల పడింది! అదృష్టం, అక్కడ ఎవరికీ తగల్లేదు. టేకాఫ్ ఆపేశారు, రెక్క కాలిపోయింది, అందరూ బయటపడ్డారు. ఆ రోజుల్లో వాడే పరీక్షలతో ఆ లోపం దొరకదని దర్యాప్తులో తేలింది. అందుకే లోపలికి కూడా చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయాలని అప్పుడు సిఫార్సు చేశారు.

నాగావళి

బాగా చెప్పావు. ఒకటి కలుపుతాను. చికాగోలో ఒకాయనకి మాత్రం గట్టి దెబ్బలు తగిలాయి. మంట వల్ల కాదు. కుడి వైపు మంట అని జనం ఎడమ వైపు దిగారు, ఎడమ ఇంజిన్ ఇంకా ఆగలేదు. దాని గాలి దెబ్బకి ఎగిరి పడ్డాడు. క్యాబిన్ సిబ్బందికీ కాక్‌పిట్‌కీ మాట కలవలేదు. అందుకే ఫిట్టర్ తమ్ముడూ, మీ విమానంలో ‘కూర్చోండి, కూర్చోండి’ అని అరిచారంటే ఊరికే కాదు.

కవిటి_ఫిట్టర్

అరిచారు. మేమేమో తిట్టుకున్నాం.

గ్యారేజీ_మాష్టారు

ఇనుము లోపం, వెల్డింగ్ లోపం సరే. బిగించేవాడి లోపం? నా లెక్కలో ఎక్కువ అదే.

నాగావళి

ఉంది మాష్టారూ, దానికి 2007 ఆగస్టు 20 చాలు. తైపే నుంచి జపాన్‌లోని నాహాకి వచ్చిన బోయింగ్ 737. చక్కగా దిగింది, స్టాండులో ఆగింది. రెక్క ముందు అంచులో ముందుకి జారే పలకలుంటాయి, దిగేటప్పుడు తెరుస్తారు, దిగాక మూస్తారు. ఆ పలక పట్టాలో ఒక బోల్టు. ఆ నట్టు లూజు కాకుండా చూడమని తయారీ కంపెనీ చెబితే, దానికోసమే కొన్ని వారాల ముందు విప్పి బిగించారు. బిగించేటప్పుడు ఒక వాషర్ పడిపోయింది. వాషర్ లేకపోతే నట్టు ఆ రంధ్రంలోంచి దూరిపోతుంది. బోల్టు ఊడి లోపల పడింది. దిగాక పలక వెనక్కి ముడుచుకుంటూ ఆ బోల్టుని నెట్టింది, అది వెళ్ళి ఇంధన ట్యాంకుని పొడిచింది. విమానం నిలబడే చోట ఇంధనం కారి వేడి ఇంజిన్ దగ్గర అంటుకుంది.

165 మంది. అందరూ బతికారు. విమానం మాత్రం రెండు ముక్కలై కాలి బూడిదైంది. ఆఖరున పైలట్లు కాక్‌పిట్ కిటికీలోంచి తాడు పట్టుకుని దిగారు.

మా హ్యాంగర్లో కొత్త కుర్రాళ్ళకి ఇదే చెబుతాను. చేతికి అందని, కంటికి కనబడని సందులో వేళ్ళతో తడిమి బిగించే పని అది. ట్రేలో ఒక వాషర్ మిగిలిందా, కింద పడిందా, చూసుకోకుండా లేవకూడదు. పనిముట్లు కూడా లెక్క అప్పజెప్పాకే విమానం కదులుతుంది.

గ్యారేజీ_మాష్టారు

వాషర్! మా గ్యారేజీలో వాషర్లు మట్టిలో దొర్లుతుండేవి. కొత్తది అడిగితే స్టోర్సువాడు సంతకాలు అడిగేవాడు, మేము పాతదే తిప్పి వేసేవాళ్ళం.

చీపురుపల్లి_టైగర్

సరే, వీడియో వదిలేయండి. కానీ ఒక ప్రశ్న. లోపం ఉందని తెలిసీ ఎగరనిస్తారట కదా, దానికో లిస్టు కూడా ఉంటుందట. ఇది నిజమా కాదా?

నాగావళి

నిజమే, మంచి ప్రశ్న అడిగావు. ఏది పనిచేయకపోయినా ఎగరొచ్చు, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, ఆలోగా ఏ జాగ్రత్త తీసుకోవాలి అన్నదానికి ఆమోదించిన జాబితా ఉంటుంది. దాని వెనక లెక్కలుంటాయి, ఎవరిష్టం వాళ్ళది కాదు. కానీ ఆ జాబితా కాగితం మీద ఉన్నంత తేలిగ్గా రన్‌వే మీద ఉండదని నేనూ ఒప్పుకుంటాను. 2007 జూలై 17, బ్రెజిల్‌లోని సావో పాలో. ఎయిర్‌బస్ 320, కుడి ఇంజిన్ రివర్సర్ (దిగాక ఇంజిన్ గాలిని ముందుకి మళ్ళించి విమానాన్ని ఆపడానికి సాయపడేది) పనిచేయడం లేదు, నిబంధనల ప్రకారం పిన్ను వేసి కట్టేశారు, ఎగరొచ్చు. వాన, పొట్టి రన్‌వే. దిగాక కుడి ఇంజిన్ లీవరు ముందుకే ఉండిపోయింది, విమానం ఆగలేదు. రన్‌వే దాటి, రోడ్డు దాటి బిల్డింగుని గుద్దుకుంది. 199 మంది చనిపోయారు. రివర్సర్ లేకపోవడమే కారణం అనలేం, కానీ అది బాగుండి ఉంటే పైలట్ చేయి వేరేలా కదిలేదేమో అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

రాజాం_లక్ష్మి

అండీ, చక్రాలు... 🙏

నాగావళి

వస్తున్నా లక్ష్మి గారూ, క్షమించాలి. చక్రాలు హైడ్రాలిక్ నూనె ఒత్తిడితో కదులుతాయి. అది పోతే వేరే దారి ఉంటుంది. చాలా విమానాల్లో లాకు వదిలేస్తే చక్రాలు సొంత బరువుకే కిందికి జారి పడతాయి. 2024 అక్టోబర్ 11న తిరుచ్చి నుంచి షార్జా వెళ్ళాల్సిన విమానం గుర్తుందా? టీవీలన్నీ ఆ రాత్రి అదే. హైడ్రాలిక్ సమస్య వచ్చి, బరువు తగ్గించుకోవడానికి రెండు గంటలకి పైగా తిరిగి, 141 మంది ప్రయాణికులతో చక్రాల మీదే మామూలుగా దిగింది.

అసలే దిగకపోతే పొట్ట మీద దించుతారు. 2011 నవంబర్ 1న వార్సాలో బోయింగ్ 767ని అలాగే దించారు. టేకాఫ్ అయ్యాక హైడ్రాలిక్ నూనె కారిపోయింది, రెండో దారి కరెంటు మోటారు. దానికి కరెంటు ఇచ్చే బ్రేకర్ బటన్ ఒకటి బయటికి వచ్చి ఉంది, ఎవరూ గమనించలేదు. నొక్కితే పోయేది. 231 మంది, ఒక్కరికీ గట్టి గాయం లేదు. నాన్నగారికి ఈ రెండూ చెప్పండి, మాంచెస్టర్ సంగతి చెప్పకండి.

రాజాం_లక్ష్మి

ఆయన నా వెనకే నిలబడి మొత్తం చదివేశారండీ. ‘పర్లేదు, విమానం కంటే మన పాలకొండ రోడ్డే ప్రమాదం’ అంటున్నారు.

నెల్లిమర్ల_నాని

మన భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు సంగతేంటి? రన్‌వే 3.8 కిలోమీటర్లు అంటున్నారు. వైజాగ్‌లో నేవీ వాళ్ళ రన్‌వే మూడు కిలోమీటర్లు చిల్లర. అంటే ఇలాంటివి జరిగితే ఇక్కడ సేఫ్ అనుకోవచ్చా?

నాగావళి

పొడవు ఎప్పుడూ మంచిదే. నిండు బరువుతో టేకాఫ్ ఆపాల్సి వస్తే ఆ అదనపు జాగా ఉపయోగం. అయితే పొడవు ఒక్కటే చూడకూడదు, చివర ఏముందో చూడాలి. రన్‌వే చుట్టూ ఉండే పట్టీ దాటాక ఖాళీ నేల కనీసం 90 మీటర్లు, వీలైతే 240 మీటర్లు ఉండాలని అంతర్జాతీయ నిబంధన. కొరియాలోని మువాన్‌లో 2024 డిసెంబర్ 29న ఏమైందో చూశాం. పక్షులు తగిలాక విమానం పొట్ట మీద దిగి జారుకుంటూ పోయింది. చివర యాంటెన్నాల కోసం కట్టిన కాంక్రీటు దిమ్మెని గుద్దుకుంది. 181 మందిలో 179 మంది పోయారు. అక్కడ మెత్తటి నేల ఉండి ఉంటే అన్న ప్రశ్న ఇప్పటికీ అడుగుతున్నారు.

మనవైపు నాకున్న దిగులు పక్షులే. సముద్రం పక్కనే, చుట్టూ చెరువులు. ఎయిర్‌పోర్టుకి 10 కిలోమీటర్ల లోపు ఆరుబయట చెత్త పోయకూడదు, పశువుల్ని కోయకూడదు అని నిబంధన ఉంది. హైవే పక్కన కోళ్ళ వ్యర్థాలు పడేసేవాళ్ళని మన పంచాయతీలు ఆపుతాయా? అది విమానయాన మంత్రిగారి చేతిలో కూడా లేదు, మన రామ్మోహన్ నాయుడు గారే అయినా సరే.

కవిటి_ఫిట్టర్ – బుధవారం రాత్రి

అన్నీ చదివాను. అందరికీ థాంక్స్. ఒక్క విషయం మిగిలింది. పక్కనాయన బ్యాగు దింపుకున్నాడని రాశాను కదా. నేనూ దింపుకునేవాణ్ణే, చేయి అందలేదు అంతే. అందులో పాస్‌పోర్టు, వర్క్ కార్డు, ట్రేడ్ సర్టిఫికెట్లు, చెల్లి పెళ్ళికి తెచ్చిన బంగారం. బ్యాగులు వదిలేయాలని ఇక్కడ ఎవరో రాస్తారని తెలుసు. రాసేముందు మా బతుకు కూడా ఒకసారి చూడండి. ఆ కాగితాలు పోతే రెండేళ్ళ జీతం పోయినట్టే.

పార్వతీపురం_సిస్టర్ (గల్ఫ్‌లో నర్సు)

తమ్ముడూ, నీ మాట నాకు అర్థమవుతుంది, నేనూ ఆ కాగితాల మీదే బతుకుతున్నా. కానీ 2016 ఆగస్టు 3న దుబాయ్‌లో తిరువనంతపురం నుంచి వచ్చిన విమానం రన్‌వే మీద పడి కాలింది. అది యంత్రం లోపం కాదులే, దిగబోయి మళ్ళీ పైకి లేపేటప్పుడు ఇంజిన్ వేగం పెంచలేదు. 300 మంది, చాలావరకు మన దేశంవాళ్ళే. లోపల పొగ నిండుతుంటే జనం పైనుంచి బ్యాగులు దింపుకుంటున్న వీడియో అందరూ చూశారు. ప్రయాణికులందరూ దిగాక విమానం పేలింది. మంటలార్పుతున్న ఫైర్‌మన్ ఒకతను చనిపోయాడు. ఇంకో నిమిషం ఆలస్యమై ఉంటే లెక్క వేరేలా ఉండేది. పొగ మింగినవాళ్ళని మా వార్డులో చూశాను. గొంతు లోపల వాచి, మాట రాక, కళ్ళతోనే అడుగుతారు. ఆ కళ్ళు చూశాక బంగారం మాట ఎత్తబుద్ధి కాదు.

నాగావళి

సిస్టర్ చెప్పినదానికి లెక్క కూడా ఉంది. విమానం అమ్మకానికి రాకముందు ఒక పరీక్ష పెడతారు. చీకట్లో, సగం తలుపులే వాడుతూ, నిండుగా ఉన్న జనం 90 సెకన్లలో బయటపడాలి. ఆ పరీక్షలో ఎవరి చేతిలోనూ బ్యాగు ఉండదు. నడవలో ఒక్కడు పైకి చేయి చాచి నిలబడితే వెనకున్న వరసలన్నీ ఆగిపోతాయి. మాంచెస్టర్ తర్వాత రెక్క తలుపు దగ్గర సీట్ల మధ్య జాగా పెంచారు. సీటు నురగకి మంట తట్టుకునే తొడుగు, నేల మీద దారి చూపే దీపాలు కూడా ఆ కాలంలో వచ్చినవే. పొగ ముసుగులు ఇవ్వమని దర్యాప్తువాళ్ళు అడిగారు, అది మాత్రం తప్పనిసరి చేయలేదు. ఇన్ని మార్చినా పై అరలోని బ్యాగు ఒక్కటీ మన చేతిలోనే ఉండిపోయింది.

వజ్రపుకొత్తూరు_వెల్డర్

కవిటి అన్నా, మా ఊరోళ్ళం చేసేది చెబుతా. పాస్‌పోర్టు, కార్డు, ఫోను ఒక చిన్న గుడ్డ సంచిలో పెట్టి మెడకి వేసుకుని చొక్కా లోపల దోపుకుంటాం. సర్టిఫికెట్లు ఫొటోలు తీసి మెయిల్లో పెట్టుకుంటాం. బంగారం ఒంటి మీదే. టేకాఫ్ అయ్యేదాకా, మళ్ళీ దిగేటప్పుడూ బూట్లు విప్పం. పై అరలో ఉండేవి పాలపొడి, ఖర్జూరం, సెంటు సీసాలు. కాలిపోతే కాలిపోనీ.

కవిటి_ఫిట్టర్

ఇది చేస్తాను. గుడ్డ సంచి మా అమ్మ చేత కుట్టించుకుంటా. ఇంకో సంగతి, కంపెనీకి మెయిల్ పెట్టాను ఏమైందో చెప్పమని. రెండు లైన్ల జవాబు వచ్చింది, అసౌకర్యానికి చింతిస్తున్నామట. టైరా ఇంజినా అన్నది లేదు. మాష్టారి మాటే ఖాయం అనుకుంటున్నా ప్రస్తుతానికి.

రాజాం_లక్ష్మి

నాగావళి గారూ, ఆఖరి ప్రశ్న. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. కాళ్ళు చాపుకోవడానికి బాగుంటుందని రెక్క మీది తలుపు పక్క సీట్లు డబ్బు కట్టి మరీ తీసుకుందామని తమ్ముడు అంటున్నాడు. తలుపు పక్కనే కదా, సేఫ్ కూడా అనుకున్నాం.

నాగావళి

వద్దండీ. ఆ వరసలో కూర్చున్నవాళ్ళే అవసరమైతే తలుపు తెరవాలి. ఎయిర్‌బస్ 320లో ఆ తలుపు పదిహేను కిలోలు, ఊడదీసి బయటికి విసిరేయాలి. పెద్దవాళ్ళని అక్కడ కూర్చోనివ్వరు, కడితే డబ్బు దండగ, చివరి నిమిషంలో సీటు మార్చేస్తారు. దానికి రెండు మూడు వరసలు వెనకో ముందో, నడవ పక్క సీటు తీసుకోండి. కూర్చోగానే తలుపు దాకా ఎన్ని సీట్లున్నాయో చేత్తో తడుముతూ లెక్కపెట్టుకోమనండి, పొగలో కళ్ళు కనబడవు.

రాజాం_లక్ష్మి

సరే అండీ, తమ్ముడికి ఇప్పుడే మెసేజ్ పెడుతున్నా. నాన్నగారు ‘నడవ పక్క నాకు, కిటికీ మీ అమ్మకి’ అంటున్నారు. అమ్మేమో మధ్య సీటులో కూర్చునే మూడో మనిషి ఎవరని అడుగుతోంది.

గ్యారేజీ_మాష్టారు

ఎవరో ఒక ఉద్దానం కుర్రాడే అయ్యుంటాడమ్మా. పాలపొడి పెట్టె ఉంటుంది చూడు.